అడగకుండా నొక్కిన ‘లేదు’

మంగళవారం, రాత్రి

ఈ రోజు మాదన్నపేటలో పొగాకు సర్వే చేస్తూ తలదించుకోవాల్సి వచ్చింది. మగవాళ్లనైతే సిగరెట్ తాగుతారా అని నేరుగా అడుగుతాను. ఆడవాళ్ల వంతు రాగానే, ఇంట్లో అందరి ముందు అడిగితే ఏం బాగుంటుందని, ఫోన్‌లో నేనే ‘లేదు’ నొక్కేస్తాను. అవునన్నవాళ్లకే, అలవాటు మాన్పించే దవాఖానాకు వెళ్లమని చీటీ రాసిస్తాం.

కూరగాయలమ్మే యాదమ్మ ఇంట్లోనూ అంతే చేశాను. ఆమె భర్త రోజుకు నాలుగు తాగుతానన్నాడు. చీటీ ఆయన చేతిలో పెట్టి బయటపడ్డాను. యాదమ్మ గల్లీ మలుపు దాకా నా వెంటే వచ్చింది.

“నన్నెందుకు అడగలే బిడ్డా?”

“ఆడోళ్లు తాగరు గదమ్మా అని...”

“ఇరవై ఏండ్ల సంది తాగుతున్న. పొద్దుగాల కూరగాయల మండిల చలికి మొదలువెట్టిన. ఇంట్ల ఎవ్వరికి తెల్వది. మానుదామంటే ఎవరికి చెప్పుకోవాలె? నువ్వన్న అడుగుతవనుకున్న.”

ఆమెకు చీటీ ఇచ్చాను. కానీ లాల్‌దర్వాజా, మొఘల్‌పురా... రెండు నెలలుగా ఎన్ని ఇళ్లు తిరిగాను! మన ఏరియా ఆడవాళ్లలో పొగ తాగేవాళ్లే లేరని మొన్న మీటింగ్‌లో సార్ మురిసిపోతే నేనూ చప్పట్లు కొట్టాను. ఏం మర్యాద నాది!

శిక్షణలో మొదటి ఫారం మా ఇంటిదే నింపాను. అమ్మ రోజూ అన్నం తిన్నాక ఒక్కతే మిద్దె మీదికి వెళ్తుంది, సోంపు నములుతూ దిగుతుంది. ఆమెనూ అడగలేదు.