నీ మిషను మీద నేను కుట్టిన చొక్కా

భిలాయి, సెక్టర్ 7,
19-8-1996.

చిరంజీవి సౌభాగ్యవతి దుర్గకు, నీ భర్త వాసుదేవరావు ఆశీర్వదించి రాసేది. విజయనగరంలో నువ్వూ, మన అరుణా, మనవరాలూ, అల్లుడు మనోహరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేను క్షేమం అని ఎప్పటిలాగే రాయబోయి ఆగాను. ఇప్పుడు క్షేమంగానే ఉన్నాను. నెలన్నర కిందట లేను.

ఈ ఉత్తరం నిన్న మొదలుపెట్టాను. నాలుగు వాక్యాలు రాయడం, లేచి వరండాలో తిరగడం, మళ్లీ వచ్చి కూర్చోవడం. మధ్యాహ్నం షిఫ్టు సైరన్ మోగేసరికి చెప్పులు వేసుకుని వీధి చివరిదాకా వెళ్లిపోయాను. నాకు డ్యూటీ లేదని అప్పుడు గుర్తొచ్చి వెనక్కి తిరిగాను. స్టీలు ప్లాంటులో ఇరవై ఆరేళ్లు క్రేన్ నడిపిన మనిషికి పగలు ఇంట్లో కూర్చోవడం ఎలాగో తెలియదు దుర్గా.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. నా పోయిన ఉత్తరం చూసి ‘ఆ చేతిరాత నూకరాజుగారిది. కళ్లజోడు పగిలిందంటే నమ్మమంటారా?’ అని రాశావు. నమ్మొద్దు. జూలై మొదటి వారంలో క్యాంప్ 2 బజారు నుంచి చేపలు తెస్తూ వానలో స్కూటరు జారి పడ్డాను. ఎవరి తప్పూ లేదు, తొందర నాదే. కుడిచెయ్యి బండి కింద పడి నడిమి మూడు వేళ్లూ విరిగాయి. కట్టు విప్పేశారు గాని అవి ఇంకా మడతపడటం లేదు. కలాన్ని బొటనవేలికీ వాటికీ మధ్య ఇరికించి రాస్తున్నాను, అందుకే అక్షరాలు ఇలా పాకుతున్నాయి. ఇంకో నెల దాకా క్రేన్ ఎక్కవద్దని డాక్టరు అన్నాడు. ఆ తర్వాత మాత్రం ఎక్కగలనా అని అడిగితే మాట మార్చాడు. పచ్చి బాలింతరాలిని వదిలేసి నువ్వు పరుగెత్తుకొస్తావని చెప్పలేదు. నేను చెబుతుంటే ఆ ఉత్తరం రాసిపెట్టిన నూకరాజుని తిట్టకు, నేనే ఒట్టు వేయించుకున్నాను.

‘మనింట్లోంచి పగలంతా మిషను చప్పుడు వస్తోందని పక్కింటి లలితాంబగారు రాశారు, ఎవరు కుడుతున్నారు?’ అన్నది నీ రెండో ప్రశ్న. నేనే కుడుతున్నాను. నవ్వకు.

కట్టు విప్పిన మర్నాడు ఆస్పత్రికి వెళ్లాలి. చొక్కా తొడుక్కున్నాను, గుండీలు పెట్టుకోవడం నా తరం కాలేదు. ఎడంచేత్తో ఒకటి పెడితే అది ఇంకోదాని కాజాలో దూరింది. అరగంట అద్దం ముందు చెమటలు కక్కాను. చివరికి అలాగే వదిలేసి, పైన తువ్వాలు కప్పుకుని బస్సెక్కాను. బస్సులో తెలిసినవాడొకడు ‘వానాకాలంలో ఉక్కపోతేటి బావా?’ అని నవ్వాడు. తిరిగొచ్చాక అన్నం తినబుద్ధి కాలేదు. ఎదురుగా గుడ్డ కప్పి నీ మిషను ఉంది. నా చేతికి లొంగే చొక్కా నేనే ఎందుకు కుట్టుకోకూడదనిపించింది. పంతమే అనుకో.

నా పాత నీలం చొక్కా కుట్లన్నీ విప్పి, ముక్కల్ని నేలమీద పరిచి చూశాను. ఇన్నేళ్లు తొడుక్కున్నాను గాని చొక్కాలో ఇన్ని ముక్కలుంటాయని నాకు తెలియదు. వాటిని పేపరు మీద పెట్టి గీసి, నీ పెట్టెలోని తెల్ల గుడ్డ మీద కత్తిరించాను. ఎడంచేత్తో కత్తెర పడితే అంచు ఎలుక కొరికినట్టు వచ్చింది. మిషను ఎక్కిన మొదటి రోజు దారం పదిహేనుసార్లు తెగింది. రెండో రోజు కుట్టు బాగానే పడుతోందని సంబరపడి లేవబోతే, కట్టుకున్న లుంగీ కూడా చొక్కాతో కలిసి కుట్టుకుపోయి ఉంది.

అలా ఉండగా గుమ్మంలోకి సింహాచలమ్మ వచ్చింది. సెక్టర్ 4లో మహిళా సంఘం కుట్టు తరగతి నడిపే సింహాచలమ్మే. పదకొండేళ్లుగా మన గడప తొక్కని మనిషి, నా చెయ్యి సంగతి విని పలకరించడానికి వచ్చింది.

“ఏటన్నయ్యా, మిషను మీద నువ్వేటి? వదిన సూస్తే మూర్ఛపోద్ది.”

సంగతి చెప్పాను. నవ్వలేదు. వంగి నా కాళ్లకేసి చూసింది.

“కాలు ఎనక్కి తొక్కేస్తన్నావు. అందుకే దారం తెగతంది. ముందు చక్రాన్ని సేత్తో నీ వైపుకి తిప్పు, అప్పుడు కాలు కలుపు. ధీరే ధీరే, నెమ్మదిగా.”

“కాజాలు ఎలా కుట్టాలమ్మా?”

“కాజాలెందుకు నీకు? నొక్కితే టిక్కుమని పడిపోయే టిచ్ బటన్లెయ్యి. ఎవుడు సూస్తాడు?”

ఆ తర్వాత రోజు విడిచి రోజు వచ్చేది. చంక దగ్గర గుడ్డ ఎక్కడ వదలాలో, కాలరు ఎలా తిరగెయ్యాలో చూపించేది. తప్పు కుడితే విప్పించేది. చెయ్యి చుట్టూ కొలత తీసి గుడ్డ మీద పెట్టడంలో ఎంత లెక్క ఉందో, నువ్వు ఆ లెక్క నోటితోనే ఎలా వేసేదానివో అప్పుడు తెలిసింది. పాపకి మెత్తటి గుడ్డలు పంపమన్నావు కదా, నా పాత పంచె చించి రెండు జుబ్బాలు కుట్టాను, విడిగా పార్సిలు చేస్తున్నాను. బొందులు వంకరగా ఉంటాయి, లాగితే మాత్రం ఊడవు.

పోయిన బుధవారం టిచ్ బటన్ల చొక్కా వేసుకుని, ఎవరి సాయమూ లేకుండా ఆస్పత్రికి వెళ్లాను. కాలరు ఒకవైపు లేచి ఉంది. అయినా ఆ రోజు బస్సులో తలెత్తుకుని నిలబడ్డాను.

ఇంతవరకూ రాయడం తేలికే. ఇక్కణ్ణించి రాయడానికే నిన్నటినుంచి తిరుగుతున్నాను.

శుక్రవారం సింహాచలమ్మ నా రెండో చొక్కా చెయ్యి అంచు మడుస్తూ ఉన్నట్టుండి అడిగింది. “అన్నయ్యా, ఇన్నేళ్లు మనసులో పెట్టుకున్నాను. వదినకి తరగతిలో పాఠం సెప్పడం ఇష్టం నేకపోతే నా మొకం మీదే సెప్పొచ్చు గదా? నీ సేత సెప్పించిందేటి?”

దుర్గా, పదకొండేళ్ల కిందట ఆవిడ కుట్టు తరగతిలో రెండో టీచరు ఉద్యోగానికి నువ్వు దరఖాస్తు పెట్టావు. కబురు కోసం నెలంతా ఎదురు చూశావు. ఎవరూ రాలేదనుకున్నావు. సింహాచలమ్మే వచ్చింది. నువ్వు అరుణని బడినుంచి తేవడానికి వెళ్లిన సమయంలో వచ్చి, ‘వదిన కటింగు నచ్చింది, సోమవారం నుంచి పంపన్నయ్యా’ అంది. నేను తలుపు దగ్గరే నిలబడి ‘మా ఆవిడకి ఇష్టం లేదు, నన్ను చెప్పమంది’ అన్నాను. నా సంపాదన చాలక పెళ్లాన్ని పంపానని పక్క క్వార్టర్లవాళ్లు అనుకుంటారని భయం. డ్యూటీనుంచి వచ్చేసరికి ఇంటికి తాళం ఉంటుందన్న కోపం. అంతకుమించి కారణం లేదు.

నెల తర్వాత నువ్వు వంటింట్లో కూర్చుని ‘నా చదువు ఎనిమిదో తరగతే కదండీ, అందుకే పిలవలేదు’ అన్నావు. నేను విని, పేపరు తిరగేశాను. ఆ తర్వాత నువ్వు సింహాచలమ్మ ఎదురైతే తల తిప్పుకున్నావు, ఆవిడా తిప్పుకుంది. అది మొదలు మిషను మీద గుడ్డ కప్పి ఉండటమే ఎక్కువ.

ఇదంతా శుక్రవారం ఆవిడకి చెప్పేశాను. కత్తెర కింద పెట్టింది. “పదకొండేళ్లు వదిన్ని తిట్టుకున్నానన్నయ్యా” అని, చొక్కా అలాగే వదిలేసి వెళ్లిపోయింది. శనివారం, ఆదివారం రాలేదు. నేను కిటికీ దగ్గర నిలబడే ఉన్నాను. ఈ పొద్దున వచ్చింది. లోపలికి రాలేదు. అంటించిన కవరొకటి చేతికిచ్చింది.

“ఇది వదినకి. నువ్వు ఇప్పకు. నీ ఉత్తరంలో పెట్టి పంపు.”

“ఏముందమ్మా ఇందులో?”

“నీకెందుకు?”

అది దీనితో పాటు పెట్టాను. విప్పలేదు, వెలుతురుకి ఎత్తి చూడలేదు. అందులో పిలుపు ఉందో, తిట్లు ఉన్నాయో నాకు తెలియదు. ఏదైనా జవాబు నువ్వే రాయి, నేరుగా ఆవిడకే. నన్ను అడగనక్కర్లేదు. నా మీద కోపం వస్తే అది దాచుకోకుండా రాయి. అరుణ కోలుకునేదాకా నువ్వు అక్కడే ఉండు. నా చొక్కాలు నేను వేసుకోగలను.

ఇంక పోస్టు డబ్బాదాకా వెళ్తాను, లేకపోతే మళ్లీ వరండాలో పడతాను.

ఇట్లు,
నీ దగ్గర ఒక మాట పదకొండేళ్లు దాచిన నీ భర్త,
వాసుదేవరావు.