నీళ్లకు వేసిన తాళమును గూర్చి

శ్రీయుత జిల్లా కలెక్టరు గారి సముఖమునకు, నల్లగొండ.

చౌటుప్పల్ సమీపమునగల ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టరు రఘుపతి వ్రాసికొను విన్నపము. 1964 మార్చి.

అయ్యా,

విషయం: దొడ్లగూడెము నివాసులు పరిశోధకులకు సహకరించుట లేదను ఫిర్యాదుపై సంజాయిషీ; మరియు అదే గూడెములోని బోరింగు తాళము తీయించుటకై ప్రార్థన.

సూచిక: "సదరు గూడెము ప్రజలను తగు రీతిని మందలించి సహకరింపజేయవలెను" అని తమ కచేరీ నుండి నాకు అందిన తాఖీదు.

తాఖీదు అందినది. మందలించుటకు వెళ్లినాను. మందలింపబడి తిరిగి వచ్చినాను. ఆ వివరము తమకు నివేదించుట నా విధి గనుక ఈ అర్జీ.

దొడ్లగూడెము గొర్రెలు కాచుకొను కురుమల గూడెము. అక్కడి చేదబావి నీటిలో ఫ్లోరైడు మోతాదు మించి యున్నది. ఆ నీరు ఏండ్ల తరబడి త్రాగిన పెద్దలకు వెన్ను కట్టెవలె బిగిసికొని పోవును. పిల్లలకు పండ్లు గోధుమరంగు తిరిగి, మోకాళ్లు లోపలికి వంగును. నేను చదివినది ఎముకల వైద్యము. కనుక ఒక్క మాట నిశ్చయముగా చెప్పగలను: వంగిన ఎముకను తిరిగి నిలబెట్టు మందు నా వద్ద లేదు, మరెవరి వద్దను లేదు. వంగకముందు ఒకే ఒక మందున్నది. అది వేరే నీరు.

ఆ వేరే నీరు ఆ గూడెములోనే యున్నది. రెండేండ్ల క్రిందట ఒక ఇంజనీరింగు కళాశాల వారు పరిశోధన నిమిత్తము గూడెము చివర బోరు వేసిరి. దైవవశమున మంచి నీరు పడినది. నమూనాను నా యెదుటనే పరీక్షించిరి. పసిపిల్లలకు త్రాగించవచ్చునని తేలినది. పైన చేతిపంపు బిగించిరి. గూడెమంతయు కొబ్బరికాయ కొట్టినది. ఆ మరునాడు పంపునకు గొలుసు చుట్టి తాళము వేసిరి.

ఈ తాళము ఎందుకు తీయరాదో నాలుగు శాఖల విద్వాంసులు నాకు వివరించియున్నారు. వారి వాదములను నాకు చేతనైనంత శ్రద్ధతో క్రింద మనవి చేయుచున్నాను.

1. ఇంజనీరింగు శాఖ. వీరు భూగర్భ జలమట్టము ఋతువులను బట్టి ఎట్లు హెచ్చుతగ్గులగునో కొలుచుచున్నారు. జనులు నీరు తోడినచో మట్టము తగ్గును. తగ్గినచో కొలత చెడును. త్రాగిన నీరు తరుగునను ఈ సత్యమును కనుగొనుటకు ఇంజనీరింగు విద్య ఎంతవరకు అవసరమో నేనెరుగను గాని, దానిని కాపాడుటకు మాత్రము ఒక బలమైన తాళము అవసరమైనది. తాళపుచెవి హైదరాబాదులో లెక్చరరు గారి వద్ద భద్రముగా నున్నది.

తాళము వేయునాడు జానయ్య అను గొర్రెల కాపరి అక్కడ నిలిచియున్నాడు. ఇతని మెడ తిరుగదు. ఏ వైపు చూడవలెనన్నను మనిషి మొత్తముగా తిరుగవలసినదే. అట్లు తిరిగి చూచి, "గొర్లకు దొడ్డి కట్టుడు ఎరుక గని, నీళ్లకు తాళమేసుడు గిప్పుడే జూస్తున్న సారూ. గవి ఏడికన్న పోతయా?" అని అడిగినాడు. లెక్చరరు గారు నవ్వి, పరిశోధన ముగిసిన పిమ్మట తీసెదమని సెలవిచ్చినారు.

"ఎన్నటికి ముగుస్తది?"

"నాలుగు వానాకాలాలు చూడాలి."

"వానలు పడకపోతే?"

"అప్పుడు ఇంకా మంచిది. అది కూడా ఒక ఫలితమే."

ఆ పిమ్మట వచ్చిన ఎండకాలములో, వానలు పడకున్నను మంచిదనుకొను మనుష్యుని జానయ్య తాను మొదటిసారి చూచితినని గూడెములో ఆశ్చర్యముతో చెప్పుకొనుచుండెను.

2. వైద్య శాఖ. ఇది నా సొంత శాఖ గనుక మర్యాద తప్పక వ్రాయుదును. రాజధానిలోని పెద్ద డాక్టర్లు ఏడాదికొకసారి గూడెము పిల్లలను లారీలో తీసికొనిపోయి ఎక్స్‌రేలు తీయుదురు. తీసి, పిల్లలకు తలా ఒక బిస్కట్టు పొట్లమిచ్చి తిరిగి దింపుదురు. రోగము క్రమక్రమముగా ఎట్లు ముదురునో తెలిసికొనుటకు ఇంతకంటె అనువైన గూడెము ఈ జిల్లాలో లేదని వారి అభిప్రాయము. బోరింగు తెరువవచ్చునా యని నేను వ్రాసి అడిగితిని. పరిశోధన మధ్యలో నీరు మార్చుట శ్రేయస్కరము కాదని బదులు వచ్చినది. నిజమే. నీరు మార్చినచో రోగము తగ్గు ప్రమాదము కలదు.

బీరమ్మ యను ఆమె జానయ్య భార్య. వీరి మనుమడు ఐలేశము నడచునప్పుడు రెండు మోకాళ్లును ఒకదానికొకటి తగులును. ఆ పిల్లవాని చెల్లెలు సుక్కమ్మ, ఇంట సుక్కి అందురు, మూడేండ్లది. దాని కాళ్లు నేటికి తిన్నగానే యున్నవి. నేను వెళ్లినపుడెల్ల నా సైకిలు వెంట పరుగెత్తుకొని వచ్చును. పెద్ద డాక్టర్లు ఈ బిడ్డను ప్రత్యేకముగా మెచ్చుకొన్నారు. వంగుట ఎన్నడు ఆరంభమగునో మొదటినుండి గమనించుటకు ఇట్టి బిడ్డ దొరుకుట అరుదట. ఆ మాట విని బీరమ్మ, బిడ్డకు దిష్టి తగిలినదని ఉప్పు మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసినది. వైద్యునిగా నేను దిష్టిని నమ్మను. ఆనాడు మాత్రము ఆమెను వారింపలేదు.

3. అర్థశాస్త్ర శాఖ. వీరు రెండు గ్రామములను పోల్చుచున్నారు: నీటి వసతి గలది ఒకటి, లేనిది ఒకటి. దొడ్లగూడెము లేనిదిగా ఎంపికైనది. మధ్యలో వసతి కలిగినచో, లేనిది అను పేరునకు అర్హత పోగొట్టుకొనును. పేదరికమును ఇంత జాగ్రత్తగా కాపాడుకొని వచ్చిన గ్రామము మరల దొరకదని ఆ పరిశోధకుడు నాతో బాధపడినాడు.

ఇతడే జానయ్యను, ఎండకాలము గొర్రెలను పాలమూరు దాటి కృష్ణ ఒడ్డు దాక ఎందుకు తోలుకొనిపోవుదువని ప్రశ్నించెను. "నీళ్లు మంచియుంటయని" అని జానయ్య చెప్పినాడు. ప్రక్కనే జొన్నలు చెరుగుచున్న బీరమ్మ చేట ఆపినది.

"గొర్లనైతే మంచి నీళ్లకు తోలుకపోతం సారూ. పోరగాండ్లను ఏడికి తోలాలె? జర గది సుత రాసుకో."

అతడు వ్రాసికొనలేదు. ఆ ప్రశ్నకు అతని కాగితములో గడి లేకపోయినది.

సాహిత్య శాఖ సంగతి నాల్గవ అంకె క్రింద రావలసినది గాని, అది తక్కిన వానివలె లేదు. తరువాత మనవి చేసెదను. ముందుగా ఫిర్యాదుకు మూలమైన సంఘటన చెప్పక తప్పదు.

ఆ గూడెములో ఒక ఆచారమున్నది. గడపలోనికి వచ్చినవాడు శత్రువైనను ముందు చెంబెడు నీళ్లిత్తురు. త్రాగిన తరువాతనే మాట. త్రాగనివానితో మాట లేదు; పొత్తు లేదని అర్థము. పరిశోధకులు వచ్చినపుడెల్ల బీరమ్మ తోమిన ఇత్తడి చెంబుతో నీళ్లిచ్చుచునే యున్నది. వారును మర్యాదగా అందుకొనుచునే యున్నారు. అందుకొని, ఆమె అటు తిరుగగానే గోడవారగా ఒంపి, హైదరాబాదు నుండి జీపులో తెచ్చుకొన్న గండిపేట చెరువు నీళ్ల కూజా తీసి త్రాగుచుండిరి. ఏండ్లు గడచినను ఈ సంగతి గూడెము పెద్దలకు తెలియలేదు. గోడవారగా ఒక గుమ్మడిపాదు దానంతటదియే మొలచి బలముగా అల్లుకొనుట చూచి, ఇచట నీరు పోయువారెవరని బీరమ్మకు అనుమానము కలిగినది. తరువాత జీపు వచ్చిననాడు వాకిట గొంగడి చాటున కూర్చుండి కనిపెట్టినది.

అయ్యా, ఒక్క చెంబుతో ఏమియు కాదు. ఆ నీరు ఎముకను పట్టుటకు ఏండ్లు కావలెను. ఆ మాట లోకమునకు చెప్పినవారే ఆ విద్వాంసులు. తమ పరిశోధనను తాము ఇంత గాఢముగా నమ్మిన పండితులను నేనెన్నడు చూడలేదు.

ఆనాడు పెద్ద డాక్టరు గారు బీరమ్మను పండ్లు చూపుమని అడిగినారు. ఆమె చూపక ఈ విధముగా పలికినది. నేనచ్చటనే యుంటిని గనుక మాటకు మాట వ్రాయుచున్నాను.

"మా నీళ్లు ఇసమైతే మమ్ముల గవే తాగుమని ఎందుకంటాండ్రు? ఇసం గాకుంటే మీరెందుకు పారబోస్తాండ్రు? రెండిట్ల ఒక్కటి చెప్పుండ్రి. గప్పటిదాక నేను నోరు తెరువ."

తమకు కడుపులో బాగుండక త్రాగలేదని డాక్టరు గారు చెప్పినారు. "నాకు ఇరువై ఏండ్ల సంది నడుము బాగలేదు సారూ. నేను తాగుతలేనా?" అని జానయ్య వెనుకనుండి అన్నాడు. గూడెమంతయు నవ్వినది. ఆనాడే కులపెద్ద యైన పెద్దులు అనునతడు అందరిని కూర్చుండబెట్టి తీర్మానించినాడు: నీళ్లు త్రాగనివానికి మాట లేదు, పాట లేదు, పండ్లు చూపుట లేదు. ఇదియే తమ తాఖీదులో పేర్కొన్న సహాయ నిరాకరణము.

4. సాహిత్య శాఖ. కుమారి మంజులత యను విద్యార్థిని స్త్రీల పాటలు సేకరించుచున్నది. గూడెము స్త్రీలు మంచినీటికి అప్పుడప్పుడు వాగు దాక నడచి, ఇసుకలో చెలిమె త్రవ్వి చెంబు చెంబుగా తోడుకొందురు. ఆ దారిలో పాడుకొను పాటలు మరెచ్చటను లేవట. బోరింగు తెరచినచో నడక పోవును, నడకతో పాట పోవును. కనుక సేకరణ ముగియువరకు తెరువరాదని ఆమె ఆచార్యులవారు కూడ ఒక అభ్యంతర పత్రము పంపియున్నారు. పాట బ్రతుకవలెనన్నచో గొంతు ఎండవలెనని దాని తాత్పర్యము.

తీర్మానమైన మరుసటి వారము మంజులత వచ్చినది. బీరమ్మ చెంబు అందించినది. నేను కండ్లతో వారించితిని. ఎందుకు వారించితినో నాకే తెలియదు, ఒక్క చెంబుతో ఏమియు కాదని చెప్పువాడను నేనే గదా. ఆ పిల్ల చెంబు ఎత్తి గడగడ త్రాగి, చీర కొంగుతో మూతి తుడుచుకొని, "ఇంకొంచెం పొయ్యవ్వా, ఎండకు వచ్చిన" అన్నది. బీరమ్మ ఆ పిల్లను కూర్చుండబెట్టి చాలసేపు పాడినది. అందులో ఒక చరణము నాకు గుర్తున్నది:

"చెంబు చెంబూ తోడ చెలిమె ఎండె నాయమ్మ,
ముంత నీళ్లకు పోతె మునిమాపులాయె నాయమ్మ."

పాట ముగియగానే మంజులత వ్రాతపుస్తకము మూసి, "అవ్వా, ఈ పాట నీకు ఇష్టమేనా?" అని అడిగినది.

"ఇష్టమేంది బిడ్డా? నడుసుకుంట పోతుంటే ఏడ్వరాదని పాడుకుంటం. ఇంట్ల నీళ్లుంటే వేరే పాట పాడుత."

మరుసటి వారములోనే ఆ పిల్ల, తన పాటల కొరకు తాళము ఉంచనక్కరలేదని తమ కచేరీకి వ్రాసినది. ఆచార్యులవారు మాత్రము ఆమె సేకరణ అసంపూర్ణమని తేల్చి, మరియొక విషయము ఎంచుకొమ్మని ఆదేశించినారట. నాలుగు శాఖలలో నీళ్లు త్రాగినది ఒక్కతె. పరిశోధన చెడినదియు ఆమెదే.

ఇక తాఖీదు మేరకు నేను మందలించుటకు వెళ్లిన సంగతి. పెద్దులు నా మాట అంతయు విని, "మీరు మంచోళ్లు డాక్టరు సాబ్. మీరు తాగుతరు. గని తాళమైతే తీయిస్తలేరు" అన్నాడు. దీనికి సమాధానమేదైనను తమ తాఖీదులో కలదేమోనని మరల చదివి చూచితిని. లేదు.

ప్రతి శాఖ వారిని నేను వేర్వేరుగా వేడుకొన్నాను. తక్కిన శాఖలు ఒప్పుకొన్నచో తమకును అభ్యంతరము లేదని ప్రతివారును దయతో సెలవిచ్చుచున్నారు. ఎవరును చెడ్డవారు కారు. ఆ ఎక్స్‌రేల వలన మున్ముందు ఎన్నియో గ్రామములకు మేలు కలుగునని నేనును నమ్ముచున్నాను. ఆ మేలు కలుగు గ్రామములలో దొడ్లగూడెము కూడ ఒకటి కావలెనని అడుగుట శాస్త్రద్రోహమగునేమో తమరే నిర్ణయింపవలెను.

పరిశోధకులకు నష్టము కలుగకుండ నేనొక సూచన చేయుచున్నాను. మంచి నీరు త్రాగిన బిడ్డ కాళ్లు ఎట్లుండునో ఇంతవరకు ఆ గూడెములో ఎవరును పరిశోధింపలేదు. ఇది సరికొత్త విషయము. నాలుగు శాఖల వారును పాల్గొనవచ్చును. దీనికి కావలసిన పరికరము ఒక్క తాళపుచెవి.

అంకెలు వేసి వ్రాయుట ఇక నావలన కాదు. కోరునది ఒక్కటే. సుక్కమ్మ ఎముకలు ఏ తాఖీదు కొరకును, ఏ వానాకాలము కొరకును ఆగవు. మొన్న ఆ బిడ్డ నా సైకిలు వెంట పరుగెత్తుచు పడినది. పిల్లలు పడుట సహజము. రాయి తగిలి పడినదని నాకు నేనే చెప్పుకొన్నాను. దిగి చూచితిని. అక్కడ రాయి లేదు.

కావున తమరు దయయుంచి, సదరు బోరింగు తాళము తీయించి, తాళపుచెవిని గూడెము కులపెద్దకు ఇప్పింప ప్రార్థన. ఈ అర్జీని తమరు మంచినీళ్ల గ్లాసు ఎదుట నుంచుకొని చిత్తగించవలెను.

తాళము తీయు దినము వరకు
తమ విధేయుడు,
డాక్టరు రఘుపతి

తా.క. అర్జీ పంపుటకు ముందు గూడెములో చదివి వినిపించితిని. గ్రాంథికము వారికి అంతగా పట్టలేదు. అంతయు విని బీరమ్మ, "గింత పొడుగు ఎందుకు సారూ? గీ ఒక్క ముక్క రాయుండ్రి" అన్నది. ఆమె చెప్పినది చెప్పినట్లు వ్రాయుచున్నాను.

"కలెక్టరు సారును మా ఇంటికి ఒక్కసారి రమ్మను. చెంబు తోమి పెడ్త. బాయి నీళ్లంటే బాయివి, బోరింగు నీళ్లంటే బోరింగువి, సారు ఏవి తాగుతనంటే గవే పోస్త. సారు తాగిన నీళ్లే మా సుక్కి తాగుతది."