లెన్స్‌లో అక్క

జూన్ 3
న్యూస్ రీడర్ ట్రైనింగ్, మొదటి రోజు. పళ్ల మధ్య పెన్ను పెట్టి గంటసేపు చదివించారు. దవడ పీకుతోంది. వాయిస్ మేడమ్ పొగడరు, తిట్టరు, ఊరికే చూస్తారు. నెలాఖరున టెస్ట్. ఎనిమిది మందిమి, ఉద్యోగం ఒక్కటి.

జూన్ 9
ఎవరికి చెప్తున్నావమ్మా, గోడకా? అన్నారు మేడమ్. లక్షల మందికి కాదట, లెన్స్‌లో ఒక్క మనిషిని నిలబెట్టుకుని ఆ మనిషికే చెప్పాలట. అమ్మని పెట్టుకున్నాను. ఏంటా బుజ్జగింపు, చూసేవాళ్లకేమైనా జ్వరమా? అన్నారు. ఫ్రెండ్‌ని పెట్టుకుంటే వరద వార్త మధ్యలో నవ్వొచ్చింది.

జూన్ 10
అక్కని పెట్టుకున్నాను.
నాలుగు నెలలుగా మాటల్లేవు. బావ తరఫు వాళ్లందరి ముందు, మా చెల్లి టీవీలోకొస్తే మ్యూట్ బటన్ అరిగిపోతుంది అంది. అందరూ పగలబడి నవ్వారు. ఇవాళ ఆ మొహానికే పెట్రోల్ ధరలు చదివి వినిపించాను. ఒక్క మాట తడబడలేదు. మేడమ్ కళ్లద్దాలు తీసి, ఆ మనిషెవరో గాని వదలకు అన్నారు.

జూన్ 26
అక్క ఫోన్. ఏదో నోరు జారానే, దానికి ఇన్నాళ్లు బిగుసుకుపోతావా మొండిఘటమా, అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. గంటన్నర మాట్లాడుకున్నాం. ప్రాణం ఎంత తేలికపడిందో.

జూన్ 27
చప్పగా చదివాను. ఆ మనిషిని ఎక్కడ పోగొట్టావు? అన్నారు మేడమ్. పోలేదు, దొరికింది అని ఎలా చెప్పను?

జూన్ 29
ఇవాళా అంతే. లెన్స్‌లో అక్క నవ్వుతోంది. పాత కోపం ఎంత వెతికినా తగలడం లేదు. ఉద్యోగం కోసం అక్కతో... ఛ.

జూన్ 30, ఉదయం 8
చేసేశాను. ఫోన్ చేసి కావాలనే గిల్లాను. డిగ్రీ మధ్యలో మానేసినదానివి, నేనంటే నీకు కుళ్లు అన్నాను. ఇంకా ఉద్యోగమే రాలేదు, అప్పుడే ఇంత పొగరా? ఇంక నాతో మాట్లాడకు, అని పెట్టేసింది.
అది నటనా, నిజంగానే లోపల ఉన్న మాటా? నాకే తెలియడం లేదు.

మధ్యాహ్నం 1
నేనే సెలెక్ట్. మేడమ్ భుజం తట్టారు. బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకున్నాను. ఏడుపొస్తుందనుకున్నాను. ఆకలేసింది.

జూలై 4
అక్కే ఫోన్ చేసి సారీ చెప్పింది. తనెందుకు చెప్పాలి? రేపు ఏడింటి బులెటిన్ నాది. బావతో సహా అందరూ టీవీ ముందే కూర్చుంటారట.
ఇప్పుడు మళ్లీ ఏమని పోట్లాడను?