తాత బొమ్మకు ఎవరి ముఖం

ఆదివారం, 1998, మాదాపూర్

లేదు, నేను ఏడ్వలే. కండ్లల్ల దుమ్ము వడ్డది అంతే.

తాత కట్టిన పాటలు మా బస్తీల అందరికీ వస్తయి. ఆయన బొమ్మ పెడ్దామని బస్తీ మందే చందాలేసుకున్నరు. గా పైసలు బొమ్మ కింది గద్దెకే అయిపోయినయి. ఇగ కొత్త బిల్డింగులు కట్టే సేటు వచ్చి, మిగతాది నేనిస్త అన్నడు. తాతకు ఫోటో లేదు. ముఖం ఎట్లుంటదో నాయనమ్మను అడుగుతమన్నరు, ఎవ్వరు రాలే. బొమ్మ చేసెటాయనకు సేటు వాళ్ల నాయన ఫోటో ఇచ్చిండంట.

ఇయ్యాల ముసుగు తీసిండ్రు. ఒత్తు మీసాలు, మీద కోటు. తాత జన్మల కోటు తొడగలే. రాతి మీద సేటు పేరే ఉన్నది, బస్తీ ఊసే లేదు.

నాయనమ్మ జరసేపు జూసి, కొంగు నెత్తినిండ కప్పుకున్నది. పరాయి మొగోళ్లు ఎదురైతే గట్లనే కప్పుకుంటది.

"అగో, ముసల్ది మొగన్ని జూసి సిగ్గువడుతుందిరో!" అన్నడు పక్కింటి యాదయ్య మామ. అందరు నవ్వి చప్పట్లు కొట్టిండ్రు. మా తాత కాదని అందామనుకున్న. గంత మందిని జూసి నాయనమ్మ ఎన్కకు జరిగిన.

నాయనమ్మ బువ్వ తినలే. పండుకునేటప్పుడు మెల్లగ అన్నది, "బిడ్డా, కండ్లు మూస్తే గా కోటు తొడిగినాయనే వస్తుండు. మీ తాత ముఖం దొరుకుతలేదురా. నీకేమన్న యాదికున్నదా?"

తాత పోయినప్పుడు నేను పాలు తాగే పిల్లగాన్ని. అయినా ఉన్నదని చెప్పిన.

రేప్పొద్దుగాల లేసి, ఎట్లుంటుండెరా అని అడిగితే నేనేం చెప్పాలె?