నడీన్ పూచీ ఎవరిది

పెపర్ గేట్, సెయింట్ ఎలిజబెత్, జమైకా
1997 మార్చి 4

కింగ్‌స్టన్ వీసా కచేరీలోని పెటిఫర్ దొరగారికి ఇసిల్డా రాట్రే చెప్పి రాయించేది. ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం, వానలే లేవు, పెండలం తీగలు ఎండుతున్నాయి. మీరు కూడా బాగుండాలి, కనీసం మా పని అయ్యేదాకా.

నా కళ్లజోడు మరమ్మతుకు వెళ్లింది కనుక మా ఊరి పోస్టు మిస్ట్రెస్ వాష్టీ పినాక్ చేత రాయిస్తున్నాను. చెయ్యి ఆమెది, మాటలు నావి.

నా మనవరాలు నడీన్ ఇంగ్లండులో తల్లి దగ్గర స్థిరపడడానికి వీసా అడిగితే, "ఇంతకాలం ఈ పిల్ల మంచిచెడ్డలు ఎవరు చూశారు?" అని నన్ను అడిగారు. ఇదేం ప్రశ్న నాయనా? నేనే చూశాను. తండ్రి చెరకు కోతకని ఫ్లోరిడా వెళ్లి, చెరకుతో పాటు తనూ నలిగిపోయినట్టున్నాడు, పదహారేళ్లుగా కబురు లేదు. నా కూతురు వెరోనా పిల్లకి ఏడేళ్లప్పుడు బర్మింగ్‌హామ్ ఆస్పత్రిలో పనికి వెళ్లింది. అప్పటినుంచి జ్వరమొస్తే అడవి కాకర కషాయం పట్టింది నేను. జడలు వేసింది నేను. అబద్ధమాడితే వీపు మీద ఒకటి అంటించింది నేను. వెరోనా ఏం చేసింది? ఏటా క్రిస్మస్‌కి నీలం పీపా ఒకటి పంపింది. అందులో బియ్యం, సబ్బులు, ఒక సైజు తక్కువ బూట్లు.

అక్కడ లిండెన్ అనే బస్సు డ్రైవరును పెళ్లాడింది. పొద్దున్నే రొట్టె మీద ఉడికించిన చిక్కుడు గింజలు పోసుకు తినే మనిషి, అయినా మంచివాడే. "నీ కూతురు నా కూతురు కాదా, పిలిపించు" అని ఈ దరఖాస్తు పెట్టించింది అతనే. మారుతండ్రికి ఉన్న తొందర మీ కచేరీకి ఎందుకు లేదో తెలియదు. సెప్టెంబరుకు పిల్లకి పద్దెనిమిది నిండుతాయి. తల్లి గొంతు ఫోనులో గుర్తుపడుతుంది గానీ, నవ్వితే ఎలా ఉంటుందో మరిచిపోయానంటోంది. త్వరగా పంపండి.

ప్రస్తుతానికి మీ మేలు కోరే
ఇసిల్డా రాట్రే

తా.క.: ఇది వాష్టీ సొంతంగా రాస్తున్నది, ఇసిల్డా చెప్పింది కాదు. ఆ కళ్లజోడు పన్నెండేళ్లుగా మరమ్మతులోనే ఉంది. దాని గురించి మేమెవరం అడగం. మీరూ అడగకండి.

*

వీసా కచేరీ, కింగ్‌స్టన్
1997 మార్చి 18

శ్రీమతి ఇసిల్డా రాట్రే గారికి,

మీ వాంగ్మూలం అందింది. ఇలాంటి దరఖాస్తుల్లో పిల్ల పూచీ పూర్తిగా ఇంగ్లండులో ఉన్న తల్లిదేనని రుజువు కావాలి. పూచీ అంతా మీదేనని మీరే స్వయంగా, ఉత్సాహంగా తెలియజేశారు. కనుక తల్లికి పూచీ లేదని ఈ కచేరీ తాత్కాలికంగా నిర్ణయించింది. ఇరవై ఎనిమిది రోజుల్లో మరో ఆధారం అందకపోతే దరఖాస్తును తిరస్కరిస్తాము. మళ్లీ పెట్టుకునేనాటికి కుమారి నడీన్ మైనరు కాకపోవచ్చు.

విధేయుడు
హెచ్. పెటిఫర్

తా.క.: కషాయానికి వైద్యుడి చీటీ ఉంటే జతపరచగలరు.

*

పెపర్ గేట్
1997 మార్చి 27

పెటిఫర్ దొరకు, ఆయన్ని కన్నతల్లి ఎవరోగానీ ఆవిడకు కూడా, ఇసిల్డా రాట్రే తెలియజేసేది.

నా కూతురికి పూచీ లేదంటారా? రాత్రింబవళ్లు ఎవరెవరి ముసలితల్లులకో పక్కలు మార్చి సంపాదించిన దానితో పీపా నింపే మనిషికి పూచీ లేదా? నా కూతుర్ని నేను అనొచ్చు. మీరు అనకూడదు.

అంతా నేనే చేశానన్నది మీకు అడ్డమైతే సరే, కొంచెం తగ్గించుకుంటాను. నేనొక్కదాన్నే చేయలేదు, ఊరు ఊరంతా చేసింది. చర్చిలో మదర్ గుత్రీ దానికి పది ఆజ్ఞలు నేర్పింది, పదకొండోది నేను చేర్చాను. మినీబస్సు ఆల్టన్ దానికి ముందు సీటు తప్ప ఇవ్వడు, పక్కన మగపిల్లలెవరినీ కూర్చోనివ్వడు. ఇక మేజర్ సంగతి చెప్పక్కర్లేదు. ఎండైనా వానైనా పిల్లను పెద్దరోడ్డు దాకా దిగబెట్టి వస్తాడు. సాయంత్రం మళ్లీ అక్కడే నిలబడి ఉంటాడు. అది వచ్చేదాకా ముద్ద ముట్టడు.

ఇంతమంది కాపలా ఉన్న పిల్ల లండను మహారాణి గారికైనా ఉందా, కనుక్కుని చెప్పండి.

ఇంకా ఓపిక పడుతున్న
ఇసిల్డా రాట్రే

తా.క.: మళ్లీ వాష్టీ. "పూచీ తల్లిదే అని ఒక్క ముక్క రాద్దాం ఇసిల్డా" అన్నాను. "పదేళ్ల నా చాకిరీని బూడిదలో పోసిన పన్నీరు చేయమంటావా? పైగా అబద్ధం రాసి పాపం మూటగట్టుకోనా?" అంది. అందుకే ఈ ఉత్తరం ఇలా తయారైంది.

*

వీసా కచేరీ, కింగ్‌స్టన్
1997 ఏప్రిల్ 7

శ్రీమతి రాట్రే గారికి,

మీ రెండో వాంగ్మూలం ప్రకారం పిల్ల పూచీ ఇప్పుడు నలుగురి మధ్య పంపకమైంది. ఇది దరఖాస్తును బలపరచకపోగా మరింత బలహీనపరిచింది. శ్రీమతి గుత్రీ, శ్రీ ఆల్టన్ తమ పాత్రను ప్రమాణపూర్వకంగా వివరించాలి. మేజర్ గారి విషయం ఈ కచేరీకి ఆందోళన కలిగిస్తోంది. పదిహేడేళ్ల బాలికను ప్రతిరోజూ వెంబడించే ఈ సైనికాధికారి ఎవరు, ఏ రెజిమెంటు, వివాహితుడా, వెంటనే తెలపాలి.

చివరిగా, బడి కాగితాలు, టీకాల పత్రాలు పిల్ల తరఫున ఎవరు సంతకం చేశారో చూపాలి. వాటి మీద మీ సంతకాలే ఉంటే ఈ ఫైలును మూసేస్తాము.

విధేయుడు
హెచ్. పెటిఫర్

తా.క.: పదకొండో ఆజ్ఞ ఏమిటో తెలిపితే ఫైలు సమగ్రంగా ఉంటుంది.

*

పెపర్ గేట్
1997 ఏప్రిల్ 12

పెటిఫర్ దొరగారికి,

మేజర్ గాడిద. తిట్టడం లేదు, నిజంగానే గాడిద. నాలుగు కాళ్లు, పెళ్లి కాలేదు.

ఇక సంతకాల మాట. వాష్టీ మీ ఉత్తరం నాలుగుసార్లు చదివింది. తర్వాత పోస్టాఫీసు తలుపు గడియ పెట్టించాను. ఇప్పుడు చెప్పేది మీకు, దేవుడికి, వాష్టీకి తప్ప ఇంకెవరికీ తెలియకూడదు.

నాకు చదువు రాదు. మా అమ్మ తొమ్మిది మందిని కన్నది, నేను పెద్దదాన్ని, బడివైపు వెళ్లిందే తమ్ముళ్లను దిగబెట్టడానికి. నా పేరు కాగితం మీద ఎలా ఉంటుందో వాష్టీ చూపిస్తే తెలుస్తుంది, లేకపోతే లేదు.

నడీన్ మొదటిసారి బడి కాగితం తెచ్చింది. "అమ్మమ్మా, సంతకం" అంది. హెడ్‌మిస్ట్రెస్ పవెల్ టీచరమ్మ ముందు, గోళ్లకు రంగేసుకునే ఆ మనిషి ముందు, నేను బొటనవేలు సిరాలో ముంచుతానా? "పిల్ల కాగితాలు తల్లే చూడాలి. అది పద్ధతి" అని డాబుగా చెప్పి, కవరులో పెట్టి ఇంగ్లండు పంపించాను. మూడు వారాలకు సంతకంతో తిరిగొచ్చింది. అప్పటినుంచి పదేళ్లు ప్రతి కాగితమూ సముద్రం దాటి వెళ్లి వచ్చింది.

సంతకం పెట్టి ఊరుకోవచ్చు కదా వెరోనా? ఊరుకోదు. కింద బారెడు రాసేది. టీకా వేయించమనేది. పంటి డాక్టరుకు చూపించమనేది. నేను కుట్టుపని నేర్పిద్దామంటే, జీవశాస్త్రం చదివించమంది. ఆ ఒక్కదానికీ ఏడాది పోట్లాడాను, ఓడిపోయాను. వాష్టీ చదువుతుంటే నేను తిట్టుకుంటూ అన్నీ వెరోనా చెప్పినట్టే చేశాను. కవర్లన్నీ, పోస్టు ముద్రలతో సహా, డబ్బాలో పెట్టి పంపుతున్నాను. అరవై మూడు. వండిన అన్నానికీ, మేలుకున్న రాత్రులకీ ముద్రలు వేయించుకోవాలని నాకు ఎవరూ చెప్పలేదు.

పిల్లను పంపండి.

ఇసిల్డా రాట్రే

తా.క.: వాష్టీ. ఆమె రహస్యం ఊరందరికీ తెలుసు, మాకు తెలుసని ఆమెకు తెలియదు. చర్చిలో ఆమె పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకున్న రోజున, ఆమె పక్కనున్న వాళ్లందరం మా పుస్తకాలు కూడా తిప్పి పట్టుకుంటాం.

*

వీసా కచేరీ, కింగ్‌స్టన్
1997 మే 2

శ్రీమతి రాట్రే గారికి,

అరవై మూడు కవర్లూ పరిశీలించాము. బిడ్డ విషయంలో ప్రతి ముఖ్య నిర్ణయమూ తల్లే తీసుకున్నట్టు సంతృప్తికరంగా రుజువైంది. కుమారి నడీన్‌కు స్థిరనివాస వీసా మంజూరు చేశాము. పాస్‌పోర్టు ఇందులో ఉంది.

ఫైలు పూర్తి చేయడానికి, జతచేసిన ప్రకటనను నెలరోజుల్లో తిప్పి పంపాలి. బడి ప్రధానోపాధ్యాయురాలి ఎదుట మీరు వేలిముద్ర వేయాలి, ఆమె సాక్షిగా సంతకం చేయాలి.

విధేయుడు
హెచ్. పెటిఫర్

తా.క.: మేజర్ పేరు ఫైలులోంచి తొలగించడానికి మనుషుల ఫారమే ఉంది. ప్రస్తుతానికి ఆయన అలాగే ఉంటారు.

*

పెపర్ గేట్
1997 మే 30

పెటిఫర్ దొరగారికి ఇసిల్డా రాట్రే చివరిసారి రాయించేది.

మీ ప్రకటన వాష్టీ చదివింది. "ఈ బాలిక పెంపకంలో నాకు ఏ పూచీ లేదు, ఏనాడూ లేదు" అని ఉంది. సరిగ్గా చదవమన్నాను. సరిగ్గానే చదివింది.

ఆదివారపు టోపీ పెట్టుకుని బడికి వెళ్లాను. పవెల్ టీచరమ్మ బల్ల మీద సిరా పెట్టింది. నవ్వలేదు. వేలు ముంచాను. పదేళ్లలో ఆ పిల్ల కోసం నేను వేలు పెట్టిన కాగితం ఇదొక్కటే దొరా, దానికి నేనేమీ కానని.

మీకు కావలసింది ఇచ్చాను. ఇక మీరూ నేనూ సరి.

ఇసిల్డా రాట్రే

తా.క.: వాష్టీ. సాక్షి సంతకం పైన పవెల్ టీచరమ్మ తన చేత్తో ఇలా రాసింది: "వేలిముద్ర ఈమెదే. మిగతాదంతా అబద్ధం." కొట్టేయమని బతిమాలాను, వినలేదు. ఇసిల్డాకు చదివి వినిపిస్తే మూడుసార్లు చదవమంది. నడీన్ నిన్న విమానం ఎక్కింది కనుక, కాగితం ఈరోజు పోస్టు చేస్తున్నాను.