నూరు బొమ్మల్లో పద్నాలుగు ఎర్రవి

అల్లుడు కామేశ్‌కు మావ రామూర్తి దీవెనలు.

ఫోనైతే సగంలో కోసేస్తావని ఉత్తరం రాస్తున్నాను. నువ్వు పనిచేసే పలాస ఆసుపత్రి నుంచి గీసి పంపిన కిడ్నీ జబ్బు కాగితం అందింది. వరసకు పది చొప్పున నూరు మనిషి బొమ్మలు, పద్నాలుగు ఎర్రవి, మిగతావి ఆకుపచ్చవి. మన పెద్దవలను ఒడ్డున తాడు పట్టి లాగేదీ నూరు మందిమే. తాతల నాటి నుంచి తాడు మీద ఏ ఇంటి చోటు ఆ ఇంటిదే. లెక్కపెట్టి చూశాం. ఏడో బొమ్మ ఎర్రది, ఏడో చోటు ఢిల్లీబాబుది. వాడు తాడు వదిలేసి ఇసుకలో కూలబడ్డాడు. "నానేటి సేసినాను? కామేసుగాడు నాకే ఎరుపేసినాడేటి?" అంటున్నాడు. ఎర్ర చోట్లలో నిలబడేవాడు లేక వల సముద్రం మొహం చూసి ఆరు రోజులైంది. పొయ్యిల సంగతీ అంతే.

ఇట్లు, మావ

తా.క.: నాది ఆకుపచ్చే. మేనల్లుడంటే నువ్వురా.

*

మావకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. ఆ బొమ్మలు మన ఊరివాళ్లు కావు. వయసు, బీపీ లెక్కలు చూసి, అలాంటివాళ్లు నూరుమంది ఉంటే ఐదేళ్లలో పద్నాలుగు మందికి జబ్బు రావచ్చని చెప్పే పటం అది. వాళ్లెవరో ఎవరికీ తెలియదు. నువ్వూ కావచ్చు. రక్తం చూస్తేనే తేలుతుంది. గురువారం శిబిరానికి అందరినీ తీసుకురా.

కామేశ్

తా.క.: ఢిల్లీబాబు బావ ఫోన్ చేశాడు. ఎరుపు వద్దట, పసుపైనా సర్దుకుంటాడట.

*

అల్లుడూ, దీవెనలు.

నీ ఉత్తరం ఒడ్డున పైకి చదివాను. నిన్నటిదాకా ఏడ్చింది పద్నాలుగు కొంపలు, ఇప్పుడు నూరూ ఏడుస్తున్నాయి. ఢిల్లీబాబు ఒక్కడే ఇసుక దులుపుకుని లేచి, "అందరికీనేటి? అయితే పరవాలేదు" అని టీ అడిగాడు.

గురువారం అందరం రక్తం ఇచ్చాం. తిరిగొస్తుంటే మా అప్ప, అదే మీ అమ్మ నీలవేణి, అడిగింది: "ఊరందరికీ బొమ్మలేసినోడు ఆడి రగతం సూపించుకున్నాడేటి తమ్ముడూ?" ఆ మాట నీకే రాస్తానన్నాను.

మావ

తా.క.: నర్సు లెక్కలో నూట ఒకటి వస్తుంది. బిస్కెట్ల కోసం మన వల లాగే రమణ రెండుసార్లు ఇచ్చాడు.

*

మావకు కామేశ్ నమస్కారాలు.

రిపోర్టులు వచ్చాయి. ఢిల్లీబాబు బావకు ఏమీ లేదు, నీకూ లేదు. ఎనిమిది మంది మళ్లీ రావాలి. పేర్లు వెనక రాశాను.

అమ్మ అడిగిందని నేనూ ఇచ్చాను. తొమ్మిదోవాణ్ని నేనే. తొలి దశేనట, మందులతో అదుపులో పెట్టవచ్చట. డాక్టరు సుచిత్ర గారు నేను గీసిన కాగితమే నా చేతికిచ్చి, నేను నీకు రాసిన మాటలే నాకు చెప్పారు. ఒక్కటీ చెవికెక్కలేదు. ఆవిడ చెబుతున్నంతసేపూ బొమ్మలు లెక్కపెడుతూ కూర్చున్నాను.

అమ్మకు చెప్పకు. ఆదివారం నేనే వచ్చి చెబుతాను.

నీ అల్లుడు

తా.క.: మావా, తాడు మీద మా ఇంటి చోటు ఎన్నోది?