ప్లగ్గు పీకకు, అజియాంబో

నది గట్టు తెగి అందరం పడవల్లో తిరిగిన ఏడాది కొన్న నీ ల్యాప్‌టాప్ గుమ్మం దగ్గర స్టూలు మీద ఉంది. మామను గనక కోడలి గదిలోకి రాకూడదని మీ అత్త చేత బయట పెట్టించాను. ముట్టుకోకు. తెర నల్లబడినా కంగారు పడకు. కనిపించిన స్విచ్చల్లా ఆపేసే అలవాటు ఈ ఒక్క పూట మానుకో తల్లీ.

ఊరికే ఆరిపోతోందని బుసియా టౌనులో షాపువాడు లోపలి మదర్‌బోర్డు మార్చాలన్నాడు కదా. ఫోన్లకు చార్జింగ్ పెట్టే నెకేసాను పిలిచి చూపించాను. "జ్వరమొస్తే తల మారుస్తారా పెద్దాయనా? ముందు దీన్ని నడిపించే లోపలి పాత ప్రోగ్రాం, ఫర్మ్‌వేర్ తీసి కొత్తది ఎక్కిద్దాం" అని నన్ను కసిరి, పని మొదలుపెట్టి పోయింది. మధ్యలో కరెంటు పోతే మాత్రం నిజంగానే చస్తుందట. మనం ముందే డబ్బు కట్టి మీటర్లో వేయించుకున్న యూనిట్లు అడుగంటాయి. కొత్త యూనిట్ల టోకెన్ కొనడానికి బజారుకు పరుగెడుతున్నాను. ఇస్త్రీపెట్టె పెట్టకు. ల్యాప్‌టాప్ బాగుపడకపోతే అప్పుడు చూద్దాం బోర్డు సంగతి.

ఇంకోటి. నీ నర్సు చదువంతా అందులోనే ఉందని, బోర్డు కోసం నీ కుట్టుమిషను పక్కింటి ఒద్వోరికి అమ్మేస్తానని నిన్న అన్నావు కదా. ఈ పొద్దున లేవగానే మిషను బెల్టు ఊడదీసి జేబులో వేసుకున్నాను.